రెండు కార్డులు, ఒకే కవరు

ఫ్రెండ్స్‌తో దేవమాలి ట్రిప్‌కి వెళ్తూ సాలూరులో టీకి ఆగాం. పక్క బెంచీ మీద కూర్చున్న పెద్దాయనది కొటియా వైపు ఊరట. మాటల మధ్యలో సంచిలోంచి పాలిథిన్ కవరు తీశారు. అందులో రెండు ఓటరు కార్డులు. ఒకటి ఆంధ్రాది, ఇంకోటి ఒడిశాది. 'ఇలా రెండు ఉండకూడదు కదా' అని అడిగేశాను. ఆయన నవ్వారు.

"రెండూ దాసుకోపోతే ఎలాగ బాబూ? ఎవులు ఎప్పుడు మా ఊరు కాదంతారో ఏటి తెలుసు!"

ట్రిప్ ఫొటోలు ఇన్‌స్టాలో పెట్టేశాను గానీ ఆ మాట మాత్రం బుర్రలోంచి పోలేదు. ఇంటికొచ్చాక చదవడం మొదలెట్టా.

కొటియా గ్రూపు అంటే 21 ఊళ్లు. ఇటు సాలూరు మండలం, అటు కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకు, మధ్యలో కొండల మీద ఇవి. 1936లో ఒడిశా వేరు రాష్ట్రమైన తర్వాత జరిగిన సర్వేలో ఇవి లెక్కలోకి రాలేదంటారు. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2006లో కోర్టు ఆ దావాను పక్కన పెట్టేసింది. ఎక్కడిదక్కడే ఉంచమన్న స్టేటస్ కో మాత్రం మిగిలింది. మా ఆఫీసులో ఒక టికెట్ మూడు రోజులు ఓపెన్‌లో ఉంటేనే మేనేజర్ మొహం మాడిపోతుంది. ఇక్కడ యాభై ఏళ్లు దాటిపోయాయి.

అసలు కథ పంచాయతీలతో మొదలవుతుంది. 1992 నాటి 73వ సవరణ ఉద్దేశం మంచిదే. వీధి లైటు కోసం రాజధాని దాకా తిరగక్కర్లేదు, ఊరి పని ఊళ్లోనే తేలాలి. కానీ ఆ ఊరు ఎవరిదో తేలనప్పుడు? 2021 ఫిబ్రవరి 13న ఆంధ్రప్రదేశ్ అక్కడ మూడు పంచాయతీలకు ఎన్నికలు పెట్టింది. మనవాళ్లు గంజాయిభద్ర, పట్టుచెన్నూరు, పగులుచెన్నూరు అంటారు. ఒడిశా రికార్డుల్లో అవే గంజేయిపదర్, ఫట్టుసెనేరి, ఫగులుసెనేరి. కోర్టు ధిక్కారమంటూ ఒడిశా మళ్లీ సుప్రీంకోర్టుకెళ్లింది. పోలింగ్ మాత్రం ఆగలేదు. ఆ ఏప్రిల్‌లో ఎంపీటీసీ ఎన్నికలప్పుడు ఓటర్లను దారిలోనే ఆపారని వార్తలొచ్చాయి.

మన ఊళ్లో సర్పంచ్ ఎన్నికంటే కుళాయి ఏ వీధికి ముందొస్తుందనే గొడవ. అక్కడ అదే ఓటు భూమి రికార్డులా పనికొస్తోంది. పోలింగ్ బూత్ పెట్టిన రాష్ట్రం 'చూశారా, మాదే' అంటుంది. కొండ మీద కువి మాట్లాడుకుంటూ, సంతలో తెలుగూ ఒడియా కలిపేస్తూ బతికే మనుషులు ఎలక్షన్ వచ్చేసరికి ఆంధ్రా వాళ్లు, ఒడిశా వాళ్లు అయిపోతారు.

పోటీ వల్ల లాభమూ ఉంది, అది దాచకూడదు. దశాబ్దాలు ఎవరూ పట్టించుకోని ఊళ్లకు ఇప్పుడు రెండు వైపుల నుంచీ రేషనూ పథకాలూ వస్తున్నాయి. పెద్దాయన కూడా ఆ విషయంలో కంప్లయింట్ ఏమీ చేయలేదు.

నాకు అర్థం కానిది ఒకటే. రాష్ట్రాల మధ్య తగాదాకి రాజ్యాంగంలో 131వ అధికరణ ఉంది, 263 ఉంది. రెండూ ప్రభుత్వాల స్థాయివే. హద్దుకు అటూ ఇటూ ఉన్న ఇద్దరు సర్పంచులు ఒక వాగు గురించో, దారి గురించో అధికారికంగా కూర్చుని తేల్చుకునే చోటు కనబడలేదు. 1996 పీసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు చిన్నతరహా అటవీ ఫలసాయం మీద హక్కిచ్చింది. సరే, ఒకే ఊరికి రెండు రాష్ట్రాలు గ్రామసభ పెడితే ఏది చెల్లుతుంది? 2021 నవంబరులో జగన్, నవీన్ పట్నాయక్ భువనేశ్వర్‌లో కలిసి సీఎస్‌లతో కమిటీ అన్నారు. మళ్లీ సీఎస్‌లే! కొటియా నుంచి ఒక్క వార్డు మెంబరునైనా పిలవాలని నా వాదన.

2024 మే 13న రెండు రాష్ట్రాల పోలింగూ అక్కడ ఒకే రోజు. ఆ రోజు ఏం చేశారని పెద్దాయన్ని అడిగాను.

"అటూ నడిసినాం, ఇటూ నడిసినాం" అన్నారు. కార్డులు రెండూ కవర్లో పెట్టి, రబ్బరు బ్యాండు చుట్టి, బస్సు కోసం లేచారు.