మన లైన్లలో వైఫై మాంద్యము

ఇటీవల మా కార్యాలయమునకు వచ్చు పెద్దలు పింఛను సంగతులకంటె, ఇంటి పట్టాల సంగతులకంటె అధికముగా ముచ్చటించుచున్నది ఇంటి వైఫైని గూర్చి. నెలనెలా డబ్బు కట్టుచున్నాము, నెట్ మాత్రము నత్తవలె ప్రాకుచున్నది అనుటయే అందరి పల్లవి. కంపెనీని తిట్టుట, ఆ మీదట అదే కంపెనీకి ఇంకను ఎక్కువ డబ్బు కట్టి పెద్ద ప్లానునకు మారుట మనలో ఆచారమైపోయినది. ఈ ఆచారము మంచిది కాదని మా అభిప్రాయము. లోపము చాలవరకు మన యింటిలోను, మన గోడకును పొరుగువారి గోడకును నడుమను ఉన్నదని మేము తలచుచున్నాము.

మొన్న ఒక ఆదివారము చాంపియన్ రీఫ్ వైపున ఒక పాత లైను ఇంటికి పోయితిమి. ఆ యింట ముగ్గురు పిల్లలు. ఇంట మాటలాడునది తెలుగు. బడిలో చదువునది కన్నడము, ఇంగ్లీషు. తెలుగు మాటలాడి తెలుగు చదువలేని తరములు మన జిల్లాలో ఎన్ని గడచినవో పాఠకులకు మేము వేరుగ చెప్పనక్కరలేదు. కుప్పములోనున్న వారి మేనమామ, బడిపంతులుగా పనిచేసి విరమించినవారు, ప్రతి ఆదివారము ఉదయము ఫోనులో వీడియో ద్వారా పిల్లలకు అక్షరములు నేర్పుచున్నారు. ఆనాడు ఆయన "క" అనిరి, పిల్లలు "క" అనిరి. ఆయన "ఖ" అనబోవునంతలో ముఖము తెరమీద నోరు తెరచినట్లే నిలిచిపోయినది. మరల కదలిక వచ్చునప్పటికి ఆయన "ఙ" దాటిపోయి యుండిరి. కడగొట్టు పిల్ల పలక మూలకు నెట్టి లేచిపోయినది. "ఏం చేసేదన్నా, పెద్ద ప్లాను వేయించుకుందామంటారు ఈయన. నెలకు ఇంకా మూడు నూర్లు కావాల" అని ఇల్లాలు అన్నది.

వారి ప్లాను సెకనుకు 40 మెగాబిట్లు. ఒక్క వీడియో మాటకు ఒకటి రెండు మెగాబిట్లు చాలును. 2023లో కేంద్ర ప్రభుత్వము బ్రాడ్‌బ్యాండు అనిపించుకొనుటకు కనీస వేగమును 512 కిలోబిట్లనుండి పెంచి 2 మెగాబిట్లుగా నిర్ణయించినది. అట్టిచో 40 చాలని పాఠమునకు 100 మాత్రమెట్లు చాలును? బిందెకు చిల్లి ఉండగా బావి లోతు చేయించినట్లున్నది. (ఇంకొక పొరపాటు కూడ తరచు వినుచున్నాము. ప్లాను లెక్క బిట్లలో నుండును, ఫోనులో దిగుమతి లెక్క బైట్లలో నుండును. ఒక బైటుకు 8 బిట్లు. కావున 40 ప్లానులో 5 కనబడిన అది మోసము కాదు.)

ఆ యింట వైఫై పెట్టె ఎక్కడ నున్నదో చూచితిమి. తీగ వీధి తలుపు వద్ద లోనికి వచ్చినది కావున, అమర్చినవాడు తలుపు నెత్తినే, పైకప్పు రేకులకు జానెడు క్రింద మేకు కొట్టి తగిలించి పోయినాడు. దాని ప్రక్కనే ఇనుప బీరువా. పిల్లలు కూర్చుండునది రెండు గోడల ఆవల, వంటింటి గడపలో. 1902లో శివసముద్రమునుండి 90 మైళ్లకు పైబడిన దూరము తీగలమీద విద్యుత్తు మన గనులకు వచ్చి చేరినది. ఇప్పుడు నెట్ వీధి గది నుండి వంటింటికి పోలేకున్నది!

రాయి కిరణములను అడ్డగించు సంగతి మన ఊరివారికి క్రొత్త కాదు. 1965లో మన చాంపియన్ రీఫ్ గనిలో రెండు కిలోమీటర్లకు పైబడిన లోతున శాస్త్రజ్ఞులు న్యూట్రినోలను కనిపెట్టిరి. పైనున్న రాయి తక్కిన కిరణములను వడగట్టుననియే వారు అంత లోతునకు దిగిరి. వైఫై తరంగములకు అంత రాయి అక్కరలేదు. మందపు రాతిగోడలు రెండు చాలును. ఇనుప రేకయినచో ఒక్కటియే చాలును, లోహము వానిని వెనుకకు త్రిప్పికొట్టును. నీరు నిండిన డ్రమ్ము వానిని మ్రింగివేయును. కావున పెట్టె ఇంటి నడుమ, మనిషి ఎత్తున, బీరువాకును నీళ్ల డ్రమ్మునకును దూరముగా, బహిరంగముగా ఉండవలెను. చూపునకు బాగుండలేదని దానిని అలమారలో పెట్టి తలుపు వేయువారు కలరు. ఫైబరు తీగను గట్టిగా మడచుట, దానిపై మేకు కొట్టుట కూడదు. అమర్చువాడు వచ్చిననాడే తీగను నట్టింటి వరకు తెమ్మని అడుగుట మేలు. పెట్టెలో రెండు విధముల తరంగములుండును: 5 గిగాహెర్ట్జులది వేగము గలది, గోడ దాటలేనిది, 2.4ది నెమ్మది, గోడను కొంత దాటును. ఒకే గదిలోనున్నవారు మొదటిదానిని, వంటింటివారు రెండవదానిని పట్టుకొనవలెను.

మేము ఆ పెట్టెను నడిమి గదిలో చెక్క బల్లమీదికి మార్పించితిమి. పాఠము సాగినది. కాని సాయంకాలము ఏడు గంటలకు ఆ యింటినుండి మరల ఫోను: "అన్నా, మళ్ళీ అట్లే అయింది."

ఇక్కడనే అసలు చిక్కు గలదు. మన లైన్లలో గోడలు ఉమ్మడివి. ఒక యింట నిలిచి ఫోనులో చూచిన పదునాలుగు వైఫై పేర్లు కనబడినవి. 2.4 గిగాహెర్ట్జుల తరంగములకు మన దేశమున 2005నుండి లైసెన్సు అక్కరలేదు. అది మన పల్లెల గోమాళము వంటిది: ఎవరి పశువునైనను తోలవచ్చును, ఎవరికిని సొంతము కాదు. అందులో ఒకటి తగులకుండ మరియొకటి నడువదగిన దారులు మూడే, అవి 1, 6, 11 సంఖ్యల చానెళ్లు. ఒకే చానెలులోని పెట్టెలు ఒకదాని మాట మరియొకటి విని, కొళాయి వద్ద బిందెల వరుసవలె తమ వంతు వచ్చువరకు ఆగును. నడుమనున్న 3వ, 4వ చానెలు పట్టినవాడు ఎవరి వరుసలోను నిలువడు. ఇరుప్రక్కలవారికిని అతడు వట్టి రొదయే. పొరుగువాడులేని చోటు దొరకినదని అతడు మురియును, గాని అతనికిని మేలు లేదు.

దీనికి మేము చెప్పు ఉపాయము పైసా ఖర్చు లేనిది. వరుసలోని ఇండ్లవారు ఒక సాయంకాలము కూర్చుండి, మొదటి యిల్లు 1, రెండవది 6, మూడవది 11, మరల 1 అని పంచుకొనవలెను. వెడల్పు 20 మెగాహెర్ట్జులకు తగ్గించవలెను. 40 పెట్టుట ఇద్దరి చోటు ఒక్కరు ఆక్రమించుట. అరవమువారు, కన్నడమువారు, ఉర్దూవారు అందరును కూర్చుండవలసినదే. తరంగమునకు భాష లేదు. "వాడెవడో నా పెట్టె సంగతి చెప్పుటేమి" అనువారు తప్పక ఉందురు. ఒకప్పుడు కొళాయి వద్ద కూడ అట్లే అనిరి. రిపీటరు అను చిన్న పెట్టె కొని తగిలించుట పరిష్కారమని అంగడివారు చెప్పుదురు. తీగలేక, ఒకే తరంగముమీద వినిన మాటనే మరల పలుకు చవుక రిపీటరు వేగమును సగము తినివేయును, వీధిలో రొదను పెంచును. దానికి బదులు పది మీటర్ల కేబులు మేలు.

ఇది పిల్లల అక్షరముల సంగతి మాత్రమే కాదు. 2001 ఫిబ్రవరిలో గనులు మూతపడిన నాటినుండి మన యువకులెందరో తెల్లవారక మునుపే రైలెక్కి బెంగుళూరికి పోయి రాత్రికి తిరిగి వచ్చుచున్నారు. ఇంటనుండి పనిచేయు అవకాశము వారమునకు రెండు దినములు దొరకినవారికి ఆ రెండు దినములే నిద్ర. సమావేశము నడుమ గొంతు తెగిపోయిన, రేపటినుండి రమ్మను ఆజ్ఞ వచ్చును.

కంపెనీలు నిర్దోషులని మేమనుట లేదు. పెట్టెనుండి కేబులుతో నేరుగా కంప్యూటరుకు కలిపి వేగము చూడవలెను. కేబులుమీద సరిగా ఉండి గాలిలో తగ్గినచో తప్పు మన యింటిది. కేబులుమీదను తగ్గినచో తప్పు వారిది; అప్పుడు నోటిమాటతో విడువక ఫిర్యాదు సంఖ్య అడిగి వ్రాసికొనవలెను. దానికిని న్యాయము జరుగనిచో అదే కంపెనీలోని అప్పీలు అధికారికి విన్నవించుకొను హక్కును 2012 నాటి ట్రాయ్ నిబంధనలు మనకిచ్చినవి. పగలు, రాత్రి రెండు వేళల కొలతలు కాగితముపై నుండిన మన మాటకు బలము చేకూరును.

ఈ పరీక్షకు కంప్యూటరు లేనివారు మా కార్యాలయములోని పాత లాప్‌టాపును ఒక రాత్రికి తీసికొనిపోవచ్చును. కేబులు మాత్రము ఇప్పుడు లేదు. పోయిన మాసము ఎవరో తీసికొనిపోయినది ఇంకను తిరిగి రాలేదు. తీసికొనిపోయినవారు దయచేసి ఆదివారములోగా తెచ్చియీయవలెనని ప్రార్థన.