ఇంటిముందటి పూలమళ్లు

క్రొత్తయింటి ముంగిలి బోడిగా నున్నదని తొందరపడి మొక్కలు తెచ్చి నాటకుడు. ముందు గడ్డపాఱతో నొకచోట త్రవ్వి చూడుడు. కట్టడపు సున్నము, సిమెంటు, ఇటుకముక్కలు అడుగున నుండును. ఆ నేలలో మల్లె యాకులు పసుపుబాఱి క్షీణించును. మళ్లున్నంతమేర రెండడుగుల లోతున త్రవ్వి, యా చెత్త నెత్తివేసి, ఎఱ్ఱమన్ను, చివికిన పశువులయెరువు నింపవలెను. వ్యయము సగము దీనికే యగును, కానిండు.

పిదప ఎండ యెచ్చట నెన్నిగంటలు నిలుచునో యొకదినమెల్ల గమనింపుడు. నిండుటెండ తగులుచోటు మల్లెకు, బంతికి. మధ్యాహ్నము నీడవచ్చుచోటు కనకాంబరమునకు. గోడ నానుకొని నందివర్ధనము పెంచి, దానిముందు పొట్టిమొక్కల నుంచుడు. గోడవైపు మడి రెండడుగులకు మించరాదు. మించినచో చేయి యందక లోపలి కలుపు మిగిలిపోవును. నడుమ ముగ్గునకు, చిన్నవాండ్ర యాటకు నేల విడిచిపెట్టుట మఱవకుడు.

చేమంతి విషయమున నొక్కమాట. రాత్రులు దీర్ఘములైనగాని అది మొగ్గ తొడుగదు. రాత్రియెల్ల వీధిదీపపు వెలుగు పడుచోట నాటి, పూయలేదని మొక్కను నిందించువారు కలరు!

పూజకు పనికివచ్చునని పచ్చగన్నేరును గుమ్మముచెంత నాటు వాడుక నాకు సమ్మతము కాదు. దాని గింజలు ప్రాణాంతకములు. పసివాండ్రు తిరుగు నింట నది వలదు. పూజకు బంతి చాలును. ఆషాఢమున నారు పోసినచో దసరాతోరణములకు పూలందును.