మన సీరియల్‌లో క్యాలెండర్ ఎందుకుండదు?

సెమ్ సెలవుల్లో ఇంటికి పోతే రాత్రిపూట రిమోట్ మన చేతికి రాదు. మా ఇంట్లో ‘కార్తీక దీపం’ వచ్చినన్నాళ్లూ ఇంతే. 2017లో మొదలై 2023 జనవరిలో అయిపోయింది. పదిహేను వందలకు పైగా ఎపిసోడ్లు. నేను ఏడో తరగతిలో ఉండగా మొదలై, ఇంటర్‌లో ఉండగా ముగిసిందన్నమాట. ఆ ఐదేళ్లలో మా ఊర్లో చిల్లరంగడికి కూడా ఫోన్‌పే వచ్చింది, లాక్‌డౌన్ వచ్చింది, బెంగళూరు నుంచి మూటాముల్లె సర్దుకుని జనం వెనక్కొచ్చినారు. సీరియల్‌లో మాత్రం డాక్టర్ బాబు వంటలక్కను అనుమానిస్తానే ఉన్నాడు. లీపు వేస్తే పిల్లలు పెద్దవాళ్లవుతారు, నిజమే. కానీ వాళ్లది ఏ ఏడాదో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు.

ఇది ఎగతాళి కాదు. వంటలక్క కోసం మా అమ్మతో పాటు నేనూ ఏడ్చినవాణ్ణే. అయితే ఈమధ్య హాస్టల్‌లో సబ్‌టైటిల్స్ పెట్టుకుని ఒక చైనా సీరియల్ చూసినాక ఈ తేడా బాగా తగిలింది. పేరు ‘ఎ లైఫ్‌లాంగ్ జర్నీ’. 2022లో వాళ్ల ప్రభుత్వ చానల్ సీసీటీవీలో వచ్చింది. లియాంగ్ షియావోషెంగ్ రాసిన నవల దానికి ఆధారం. ఆ నవలకు 2019లో మావో డున్ బహుమతి ఇచ్చినారు. మొత్తం 58 ఎపిసోడ్లే, కానీ 1969లో మొదలై దాదాపు యాభై ఏళ్లు నడుస్తుంది. ఈశాన్య చైనాలో ఒక కూలీల వాడ, జౌ అనే కుటుంబం, ముగ్గురు పిల్లలు. తండ్రి ఎక్కడో నైరుతిలో ప్రభుత్వ నిర్మాణాల్లో మేస్త్రీ. పెద్దకొడుకు, కూతురు ఊరు వదిలిపోతారు. చిన్నవాడు బింగ్‌కున్ ఇంటి దగ్గరే మిగులుతాడు. విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలు మళ్లీ పెట్టడం, ఫ్యాక్టరీలు మూతపడి ఉద్యోగాలు పోవడం, చివరికి ఆ వాడనే కూల్చడం, ఇవన్నీ వార్తల్లాగా రావు. అన్నం గిన్నె దగ్గరికే వస్తాయి.

అందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. కొత్త సంవత్సరం మూడో రోజు బింగ్‌కున్ స్నేహితులంతా ఆ ఇరుకింట్లో కలుస్తారు. మొదట్లో కూర్చోడానికి చోటుండదు. ఏళ్లు పోయేకొద్దీ ఒకడు రాడు, ఇంకొకడు మాట్లాడడు. అంతే, దానికి వెనక మ్యూజిక్ కూడా పెద్దగా అక్కర్లేదు.

లోపాల్లేవని కాదు. ప్రభుత్వ చానల్ కదా, సాంస్కృతిక విప్లవాన్ని మెత్తగా దాటేసినట్టే నాకనిపించింది. ఇంటి ఆడవాళ్ల ఓర్పును కూడా మరీ పొగిడేస్తుంది.

మన దగ్గర ఇలాంటి కథకు సరుకు లేదా? 1970లో పుంగనూరు పక్క పల్లెలో పుట్టిన ఒక పిల్లను అనుకోండి. పదమూడేళ్లకు ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయినాడు. పదిహేనేళ్లకు తాలూకా పోయి మండలం వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా గొడవ రాష్ట్రమంతా పాకింది. తర్వాత డ్వాక్రా గ్రూపు. బావి ఎండిపోయి బోరు, బోరు ఎండిపోయి ఇంకో బోరు. మొగుడు బెంగళూరుకో, కువైట్‌కో. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి కొడుకు బీటెక్. 2014లో రాష్ట్రం రెండైంది. 2023 జులైలో మదనపల్లె మార్కెట్‌లో టమోటా కిలో రెండొందల దాకా పోయింది, అప్పటికి ఆమె తోటలో కాయలున్నాయో లేవో! ఈ ఒక్క ప్రశ్నతోనే నాలుగు ఎపిసోడ్లు తీయొచ్చు.

‘నైంటీస్’ వచ్చింది కదా అంటారు మీరు. 2024లో ఈటీవీ విన్‌లో వచ్చినప్పుడు మా ఫ్లోరంతా ఒకే రాత్రిలో చూసినాం. బాగుంది. కానీ అది ఒక ఇంట్లో కొంతకాలం. ఆ పాత రోజుల్ని ముద్దు చేసి అక్కడే ఆగిపోతుంది, ఆ పిల్లలు యాభై ఏళ్లవాళ్లయ్యేదాకా మనల్ని వెంట తీసుకుపోదు. రాసేవాళ్లు లేరా అంటే, మధురాంతకం రాజారాం, నామిని కథల్లో మన చిత్తూరు జిల్లా పల్లెలు ఎప్పుడో వచ్చేసినాయి. టీవీ వాళ్లే ఇటు చూడలేదు.

ఆ మూడో రోజు కలయిక సంగతి మా అమ్మకు చెప్పినాను. ఆమె టీవీ సౌండ్ తగ్గించింది. “మీ తాత ఉన్నప్పుడు సంకురాత్రికి మనింట్లో ముప్పై ఆకులు పడేవి నాయనా,” అని ఎవరెవరు వచ్చేవాళ్లో, ఎవరు ఏ ఏడు రావడం మానేసినారో వరసగా చెప్పుకొచ్చింది. ఆ రోజు సీరియల్ ఎప్పుడైపోయిందో ఇద్దరం చూడలేదు.