యాంటీబయాటిక్‌దీ బోరు లెక్కే!

రాచర్ల, గిద్దలూరు, మార్కాపురం వైపు బోరు లెక్క ఎవరికీ చెప్పక్కర్లేదు. చుట్టుపక్కల అందరూ తోడేస్తే మీ బోరు ఎండుతుంది. ఇంకా లోతుకు వేయించాలి. లోతు పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, నీళ్లు పడతాయన్న నమ్మకం తగ్గుతుంది. యాంటీబయాటిక్ మందులదీ ఇదే లెక్క.

జలుబు చేస్తే చాలామంది మెడికల్ షాపుకెళ్లి, చీటీ లేకుండానే అజిత్రోమైసిన్ మూడు మాత్రలు తెచ్చుకుంటారు. జలుబుకు కారణం వైరస్. దానిమీద ఆ మాత్ర పనిచేయదు. ఆ రోజు ఖర్చు కొంచెమే, అసలు బిల్లు తర్వాత వస్తుంది. ఒంట్లో ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా మిగిలి పెరుగుతుంది. ఇంట్లోవాళ్లకూ ఊళ్లోవాళ్లకూ చేరుతుంది. ఇలా ఒక్కో మందూ పనికిరాకుండా పోతే, రేపు మీ అమ్మగారికి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు మాత్రతో తగ్గాల్సింది మెరోపెనెమ్ వంటి ఇంజెక్షన్ దాకా వెళ్తుంది. ఒక్కో డోసు వందల రూపాయలు, సాధారణంగా రోజుకు మూడు డోసులు. ఒంగోలుకో కర్నూలుకో ప్రయాణం, గది అద్దె, తోడున్నవారి సెలవులు అదనం. మందు వాడేది ఒకరు, బిల్లు కట్టేది మరొకరు. చిక్కంతా ఇక్కడే ఉంది.

కొత్త మందులు రావా అంటారా? అమెరికాలో 2018లో ప్లాజోమైసిన్ అనే కొత్త యాంటీబయాటిక్‌కు అనుమతి వచ్చింది. దాన్ని తయారుచేసిన అకేజెన్ కంపెనీ 2019లో దివాలా తీసింది. కొత్త మందును ఆఖరి ఆయుధంగా దాచుకోవాలి. దాచుకుంటే అమ్మకాలు ఉండవు. అందుకే బ్రిటన్ 2022లో రెండు మందులకు కొత్త పద్ధతి పెట్టింది. ఎంత వాడారన్నదానితో పనిలేకుండా కంపెనీలకు ఏటా నిర్ణీత సొమ్ము చెల్లిస్తోంది.

మన దగ్గర అంతకన్నా చౌకైన మార్గం, ఉన్న మందులను కాపాడుకోవడం. ఏ మందు పనిచేస్తుందో చెప్పే కల్చర్ పరీక్ష మండలాల్లోని రోగికి కూడా రెండుమూడు రోజుల్లో అందేలా ప్రభుత్వం ఖర్చు పెట్టాలి. తప్పు మందుల మీద, ఐసీయూల మీద పోయే డబ్బుతో పోలిస్తే అది తక్కువే. చీటీ లేని అమ్మకాలను గట్టిగా ఆపాలి. కొన్ని కీలక యాంటీబయాటిక్‌ల అమ్మకాలను షాపులు రిజిస్టరులో రాయాలన్న నిబంధన 2014 నుంచే ఉంది.

ఇక మీ వంతు. అట్ట మీద నిలువు ఎర్రగీత కనిపిస్తే చీటీ లేకుండా కొనకండి. "యాంటీబయాటిక్ రాయండి" అని డాక్టరును మీరే అడగకండి, "ఇది నిజంగా అవసరమా?" అని అడగండి. రాసిన మందును చెప్పినన్ని రోజులు వాడండి. మిగిలిన మాత్రలు పక్కింటివారికి ఇవ్వకండి. పిల్లల టీకాలు, చేతుల శుభ్రత మరవకండి. ఇన్ఫెక్షనే రాకపోతే మందుతో పనేముంది?