నోటిపూతయుఁ బరీక్షాభయమును

పరీక్షలు సమీపింపఁగానే మన విద్యార్థులలోఁ గొందఱికి నోరు పూయును. "వేడిచేసినది, మజ్జిగ త్రాగుము" అని కొమరోలున పెద్దలు చెప్పుదురు. నోరు విప్పి పాఠ మప్పగింపని బాలుని మొండివాఁడని యొకప్పుడు నేను దండించితిని. పిదప వాని నాలుకపైఁ బుండ్లు చూచి సిగ్గుపడితిని.

మనస్సు కలఁతపడినప్పుడు మూత్రపిండములపై నుండు గ్రంథులు కార్టిసాల్ అను హార్మోనును అధికముగా స్రవించును. ఆ కలఁత చిరకాలము నిలిచినచో దేహరక్షణశక్తి క్రమము తప్పును. పలుమాఱు నోరు పూయువారి లాలాజలమున నీ హార్మోను హెచ్చియున్నట్లు కొన్ని పరిశోధనలు తెల్పినవి, కొన్ని తెల్పలేదు. కావున భయ మొక్కటియే కారణ మనరాదు. ఇనుము, బి12, ఆకుకూరలలోని ఫోలేటు, వీని లోపమును కారణము కావచ్చును. మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము 1945లోఁ దయారుచేసిన ఫోలిక్ ఆమ్లము ఆ ఫోలేటు జాతిదే.

అయినను భయమును తగ్గించుట మన చేతిలోని పని. ఉపాధ్యాయులారా, బెత్తము దింపుఁడు. విద్యార్థులారా, నిద్రను, ఆకుకూరలను విడువకుఁడు. మూఁడు వారములకును మానని పుండును వైద్యునికిఁ జూపుఁడు.