అకామా ఏడాదికి, ప్లాను పదేళ్ళకి

జనవరి ఒకటిన రాయాల్సిన కబుర్లు ఇప్పుడెందుకు రాస్తున్నాడీయన అనుకుంటున్నారా? కారణం ఉంది. పోయిన వారం నా అకామా రెన్యూ అయింది.

కువైట్‌లో లేనివాళ్ళ కోసం: అకామా అంటే ఇక్కడ ఉండటానికి అనుమతి. అరబీలో ఇకామా. మన కడప వాళ్ళ నోట్లో పడి అకామా అయింది, తెనాలి వాడినైన నాకూ అదే అలవాటైపోయింది. మా కంపెనీ దీన్ని ఏడాదికోసారే చేయిస్తుంది. నాదైపోతే దాని వెనకే మా ఆవిడదీ, మా అమ్మాయిదీ. కొత్త తేదీ చూసుకుని "హమ్మయ్య, ఇంకో ఏడాది" అనుకోవడం నాలుగేళ్ళుగా మా ఇంట్లో ఆనవాయితీ. ఈసారి నేను అలాగే అన్నాను. మా ఆవిడ మాత్రం "ఇంకో ఏడాది దేనికి?" అంది.

జవాబు నా దగ్గర రెడీగా ఉందనుకున్నాను. కంప్యూటర్ సైన్సులో ఎమ్.టెక్ చేసి, పదేళ్ళుగా క్లయింట్లకి ప్రాజెక్టు ప్లానులు గీసిచ్చే కన్సల్టెంటుని కదా, ఇంటికి కూడా ఒక ఎక్సెల్ షీటు ఉంది. పోయినేడాది లక్ష్యాలు, మొత్తం పదకొండు లైన్లు. అయినవి ఆకుపచ్చ, కానివి ఎరుపు. తెనాలి ఇంటి లోను ముందుగా కొంత కట్టడం, ఆకుపచ్చ. క్లౌడ్ సర్టిఫికేషన్, ఆకుపచ్చ. ఆరు కిలోలు తగ్గడం, ఆ సంగతి వదిలేయండి. నాన్నగారి కంటి శుక్లాల ఆపరేషన్‌కి డబ్బు పంపడం, ఆకుపచ్చ. ఇలా పదకొండింట్లో ఏడు అయ్యాయి. మా ఆఫీసులో ఈ లెక్కన పూర్తయ్యే ప్రాజెక్టులు తక్కువ. కాస్త గర్వంగానే లాప్‌టాప్ తిప్పి చూపించాను.

తను పైనుంచి కిందికి ఒకసారి చదివి, "ఇందులో నేనెక్కడున్నాను?" అంది.

వెతికాను. తొమ్మిదో లైనులో "కుటుంబం: వెకేషన్, బడ్జెట్ 600 దీనార్లు" అని ఉంది. అదీ ఎరుపే.

మా ఆవిడ పెళ్ళికి ముందు ఐదేళ్ళు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పింది. ఇక్కడికి 22వ ఆర్టికల్ కింద, అంటే నా మీద ఆధారపడిన మనిషిగా వచ్చింది. ఆ వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు. మొదటి ఏడాది "పాప చిన్నది కదా" అనుకున్నాం. రెండో ఏడాది "సర్దుకున్నాక చూద్దాం" అన్నాను. మూడో ఏడాది తనూ అడగలేదు, నేనూ ఎత్తలేదు. నా షీటులో ఎరుపు పడకపోవడానికి కారణం తను సాధించడం కాదు, అసలు ఆ లైనే లేకపోవడం.

అంతటితో ఆగలేదు. మా అమ్మాయి రెండో తరగతి. తన హోంవర్కు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. "మీ ఇంట్లో ఎవరు ఎప్పుడు ఏం చేస్తారు" అని ఐదు వాక్యాలు రాయమన్నారట. అందులో ఒకటి: "మా నాన్న శుక్రవారం ఇంటికి వస్తారు."

నేను రోజూ ఇంటికే వస్తాను మహాప్రభో! కానీ దాని లెక్కలో తప్పేముంది? పొద్దున ఆరుంపావుకి అది నిద్రకళ్ళతో స్కూలు బస్సు ఎక్కుతుంది. రాత్రి నేను వచ్చేసరికి నిద్రపోతుంది. శుక్ర, శనివారాలు సెలవులైనా శనివారం సగం నాది కాదు. అది చూసిందే అది రాసింది.

ఇక ఆకుపచ్చ లైనులో ఉన్న నాన్నగారి ఆపరేషన్ సంగతి. డబ్బు పంపాను, నిజమే. ఆ రోజు ఆయన పక్కన కూర్చున్నది మా చిన్నాన్న. ఆ వారం మాకు గో-లైవ్. కట్టు విప్పాక వీడియో కాల్ చేస్తే, నాన్నగారు ఫోను దగ్గరకీ దూరానికీ జరుపుతూ "బాగా కనిపిస్తున్నావురా, చిక్కిపోయావు" అన్నారు. చిక్కలేదని పైన చెప్పేశాను కదా.

ఇంతకీ ఈ లక్ష్యాలు నా బుర్రలోకి ఎక్కడినుంచి వచ్చాయి? ఆలోచిస్తే నాకే నవ్వొచ్చింది. వాటిలో సగం కువైట్ కార్మిక చట్టం రాసినవి.

2010 నాటి 6వ నంబరు చట్టం ఇక్కడి ప్రైవేటు ఉద్యోగాలకి ఆధారం. నెలజీతం వాళ్ళకి మొదటి ఐదేళ్ళకి ఏడాదికి పదిహేను రోజుల జీతం, ఆ తర్వాత ఏడాదికి నెల జీతం చొప్పున గ్రాట్యుటీ లెక్క కడతారు. మొత్తం ఏడాదిన్నర జీతం దాటకూడదు. మనంతట మనం రాజీనామా చేస్తే మూడేళ్ళలోపు ఏమీ రాదు. మూడు నుంచి ఐదేళ్ళ లోపైతే అందులో సగం, ఐదు నుంచి పదేళ్ళ లోపైతే మూడింట రెండు వంతులు, పదేళ్ళు నిండితే మొత్తం. దాంతో గల్ఫ్‌లో ఉద్యోగస్తుల మాటలన్నీ ఈ మెట్ల మీదే నడుస్తాయి. "మూడు అవనీ." "ఐదు దాటితే వెళ్ళిపోదాం." "ఇన్నాళ్ళు ఉన్నాం, పది చేసేస్తే పోలా!"

నాకిప్పుడు నాలుగేళ్ళ మూడు నెలలు. ఐదు దాటాలనేది నా ప్లాను. ఆ రాత్రి మొదటిసారి కూర్చుని లెక్క వేశాను. ఇప్పుడు మానేస్తే వచ్చేదానికీ, ఐదు నిండాక మానేస్తే వచ్చేదానికీ తేడా నా ఒక్క నెల జీతం కూడా లేదు! నాలుగేళ్ళుగా "ఐదు, ఐదు" అని జపం చేసినవాణ్ణి, క్లయింటు పైసా లెక్కలు చూసేవాణ్ణి, ఈ చిన్న గుణకారం ఎప్పుడూ చెయ్యలేదు. ఇక్కడ ఉంటే ఆ తొమ్మిది నెలల జీతం వస్తుంది కదా అంటారా, వస్తుంది, కాదనను. ఆదాయపు పన్ను లేని జీతం. ఉండటానికి అది కారణమే. కానీ ఆ ఐదు అనే అంకె కారణం కాదు. ఎవరో పెట్టిన మెట్టుని నా జీవిత లక్ష్యం అనుకున్నాను.

ఈ గొడవ బుర్రలో తిరుగుతుండగానే శుక్రవారం మాలియా వెళ్ళాను. కువైట్ సిటీలో శుక్రవారం పూట మాలియాలో నిలబడితే రాజంపేట బస్టాండులో ఉన్నట్టే ఉంటుంది. ఎక్స్చేంజి క్యూలో నా ముందు రాయచోటి వైపు అక్క ఒకామె ఉంది. అక్కడే రెండు మూడుసార్లు పలకరించుకున్నాం, డబ్బు పంపే యాప్ ఆమె ఫోనులో పెట్టిచ్చింది నేనే. ఇంటిపని వీసా, మనవాళ్ళు ఖాదిం వీసా అంటారే, 20వ ఆర్టికల్, దాని మీద వచ్చి పదకొండేళ్ళు. ఆ వీసా మీద పిల్లల్ని తెచ్చుకునే వీలు లేదు. ఇద్దరాడపిల్లల్ని ఫోనులోనే పెంచి ఇంజనీరింగు దాకా తెచ్చింది.

నేనేదో పెద్ద తాత్వికుడిలా "ఎంతకాలమక్కా ఇట్లా, పిల్లలు గుర్తురారా?" అన్నాను.

ఆమె నావైపు అదోలా చూసి, "నాకంటే గతిలేక పిల్లోళ్ళను ఆడ పెట్టి ఈడ ఉండా నాయనా. నీ బిడ్డ నీ ఇంట్లోనే ఉండాది గదా, నీకేం బాధ?" అంది.

కువైట్ ప్రభుత్వం 2022లో కుటుంబ వీసాలు ఆపేసింది. 2024 జనవరిలో మళ్ళీ తెరిచినప్పుడు జీతం కనీసం 800 దీనార్లు ఉండాలని షరతు పెట్టింది. ఇక్కడున్న లక్షలమంది మనవాళ్ళలో ఆ గీత దాటేవాళ్ళు ఎందరుంటారు? కుటుంబంతో ఉండటం ఇక్కడ చాలామందికి అందని వస్తువు. ఆ అక్క వాయిదా వేసిందంటే తెలిసి వేసింది, ఏం పోగొట్టుకుంటోందో, ఎందుకో తెలిసి. నేను? భార్యాబిడ్డల్ని పక్కన పెట్టుకుని కూడా, వాళ్ళని ఊళ్ళో వదిలి వచ్చినవాడిలా బతుకుతున్నాను. అదే నా పోయినేడాది. ఆకుపచ్చలూ ఎరుపులూ తర్వాత.

నా అభిప్రాయం ఏమిటంటే, గల్ఫ్‌లో కుటుంబంతో ఉండేవాళ్ళం "వెళ్ళిపోయాక" అనే రోజు కోసం లక్ష్యాలు పెట్టుకోవడం మానాలి. ఇల్లు, స్థలం, పిల్ల చదువు, అమ్మానాన్నలతో గడపడం, అన్నీ ఆ రోజు ఖాతాలోనే వేస్తున్నాం. ఇక్కడి రోజులకి మాత్రం ఖాతా లేదు.

మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు ఆయన ఇక్కడే ఉన్నారు. ఆ తర్వాత రెండు నెలల్లో సుమారు 1,70,000 మంది భారతీయుల్ని విమానాల్లో స్వదేశానికి చేర్చారు, చాలామంది జోర్డాన్‌లోని అమ్మాన్ దాకా రోడ్డున వెళ్ళి అక్కడ ఎక్కారు. ఆయనా అలాగే ఒక సంచీతో వెళ్ళారు. గదిలో ఏం వదిలేశారని అడిగితే, "పెట్టె కూడా విప్పని కొత్త టీవీ" అన్నారు. ఊరెళ్ళాక చూద్దామని ఏడాది ముందు కొని మంచం కింద పెట్టుకున్నారట. ఆ ఏడాదంతా క్రికెట్టు పక్కగదివాళ్ళ టీవీలో చూశారు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. ఈ దేశం మనకి ఇచ్చేది కొంత గడువే. అది వాళ్ళు దాచిపెట్టలేదు, కార్డు మీద తేదీ వేసి మరీ ఇస్తున్నారు. కాబట్టి మా ఇంటి సంవత్సరం ఇకపై జనవరిలో కాదు, అకామా తేదీనాడు మొదలవుతుంది. లక్ష్యం ఏదైనా ఆ కార్డు చెల్లే లోపు, ఈ ఊళ్ళోనే అయిపోయేదిగా ఉండాలి. అవదంటే అది లక్ష్యం కాదు, కోరిక. కోరికలకి వేరే పుస్తకం పెట్టుకోవచ్చు.

ఇంకోటి, కొలత. నేను అన్నిటినీ దీనార్లలో కొలిచాను. ఇంటికి సంబంధించినవి గంటల్లో కొలవాలి. ఉదాహరణకి రంజాన్ నెల. మామూలుగా వారానికి 48 గంటల పని పరిమితి ఉంటే, ఆ నెలలో 36 దాటకూడదని ఇదే చట్టం చెబుతుంది. అంటే చట్టం నాకు వారానికి పన్నెండు గంటలు చేతిలో పెట్టింది. నేనేం చేశానో తెలుసా? త్వరగా ఇంటికొచ్చి, తలుపేసుకుని, సర్టిఫికేషన్‌కి చదివాను. ఆకుపచ్చ!

మూడోది, షీటు ఒక్కడే నింపకూడదు. ఎవరి లైను వాళ్ళు రాసుకోవాలి, దాని కోసం తామేం వదులుకుంటారో పక్కనే మిగతావాళ్ళు రాయాలి. ఈ రెండో గడి లేకపోతే అవన్నీ శుభాకాంక్షలే.

అలా ముగ్గురం కూర్చుని రాస్తే నాలుగే లైన్లు వచ్చాయి. మా ఆవిడ ఆన్‌లైనులో లెక్కల కోర్సు ఒకటి పూర్తి చేస్తుంది. తిరిగి పాఠాలు చెప్పడానికి అది మొదటి మెట్టు. దాని కోసం ఆది, మంగళవారాలు నేను ఆరింటికల్లా ఇంట్లో ఉండాలి, వంటా నాదే. (ఆ రెండు రోజులూ పెరుగన్నమే అని మా అమ్మాయి అప్పుడే పెదవి విరిచింది.) మా అమ్మాయి లైను: సముద్రం దగ్గర సైకిలు నేర్చుకోవాలి, "నాన్నతోనే". ఎండలు ముదిరితే ఇక్కడ బయట నిలబడలేం, అందుకని మార్చిలోపే. నా లైను: ఏడాదిలో పది రోజులు, పెళ్ళిళ్ళూ బ్యాంకు పనులూ ఏమీ పెట్టుకోకుండా తెనాలిలో నాన్నగారి దగ్గర. నాలుగోది ముగ్గురిదీ: శనివారం ఎవరి లాప్‌టాపూ తెరవం.

దీనికి ధర ఉంది. శనివారాల మీద నడిచే ఒక పక్క ప్రాజెక్టు వదులుకున్నాను. ఊళ్ళో స్థలం ఆలోచన ఈ ఏడాదికి లేదు. విన్న మిత్రుడొకడు "గల్ఫ్‌కి వచ్చిందే డబ్బుకి, ఇక్కడ ఈ సరదాలేంట్రా" అన్నాడు. వాడి మాట కొట్టిపారెయ్యలేను, అప్పులున్నవాడికి నేను సలహా చెప్పను. కానీ డబ్బు కోసమే అయితే నేనొక్కణ్ణే వచ్చి ఉండాల్సింది. ఇద్దర్ని వెంట తెచ్చినప్పుడు వాళ్ళ ఏడాది కూడా ఖర్చవుతోందని లెక్కలో రాయాలి కదా.

చివరికి ఒక మాట దాచకుండా చెప్పాలి. మా ఆవిడ ఇంకో లైను కూడా రాసింది, ఎక్సెల్‌లో కాదు, నోటితో. వచ్చే అకామా నాటికి ఇదంతా మళ్ళీ పాత పాటే అయితే, ఆ ఏప్రిల్‌లో పాపని తీసుకుని వెళ్ళిపోయి విజయవాడలో స్కూల్లో వేస్తానంది. కోపంగా అనలేదు, అదే నాకు భయం. నేను ఒప్పుకున్నాను. గడువు లేని ప్రాజెక్టు ఎలా నడుస్తుందో నాకంటే ఎవరికి తెలుసు!

నాలుగు ఆకుపచ్చలొస్తాయో నాలుగు ఎరుపులొస్తాయో ఏడాది తర్వాత ఇక్కడే చెప్తాను. ఇవాళ మంగళవారం, ఐదున్నర దాటింది. ఉంటాను మరి.