ప్రోబ్ పట్టే చేతిని అడగకుండా యంత్రం కొనొద్దు

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో పనిచేస్తున్న తెలుగు సోనోగ్రాఫర్ల ప్రకటన

మా విభాగానికి కొత్త అల్ట్రాసౌండ్ యంత్రాలు, మంచాలు కొన్నారు. ఎంపిక చేసేటప్పుడు రేడియాలజిస్టులు, లెక్కలు చూసేవాళ్లు, అమ్మే కంపెనీవాళ్లు కూర్చున్నారు. రోజంతా ప్రోబ్ పట్టే మాలో ఒక్కరినీ పిలవలేదు. ఇదేమిటని నిలదీస్తే, మా భుజం నొప్పికి అదే మందన్నట్టు వ్యాయామాల కాగితం చేతిలో పెట్టారు. ఆ కాగితాన్ని తిప్పి పంపుతున్నాం.

మన ఊళ్లలో స్కాన్ డాక్టరే చేస్తారు. ఇక్కడ స్కాన్ మాది, రిపోర్టు రేడియాలజిస్టుది. అందుకే నొప్పి ఒకరిది, నిర్ణయం ఇంకొకరిది అయింది. చెయ్యి పక్కకు చాచి, మణికట్టు వంచి, ప్రోబ్‌ను పొట్టకు అదిమిపెట్టి, మెడ తిప్పి తెర చూస్తాం. కేబుల్ బరువూ ఆ చేతిమీదే. అమెరికాలో 1997 సర్వేలో 81 శాతం, 2009 సర్వేలో 90 శాతం సోనోగ్రాఫర్లు నొప్పితోనే స్కాన్ చేస్తున్నామన్నారు. ఇంతమందికి వ్యాయామమే కరువైందా?

మా సూత్రాలు:

1. నొప్పి ఉద్యోగంలో భాగం కాదు.
2. స్కాన్‌కూ స్కాన్‌కూ నడుమ విరామం ఉండాలి.
3. నొప్పి చెప్పుకున్నవారిపై కక్ష కూడదు.
4. మమ్మల్ని అడగకుండా యంత్రం కొనకూడదు.

నాలుగోదానిపై రాజీ లేదు. ఇక్కడి 2015 నాటి పనిచోటి ఆరోగ్య, భద్రతా చట్టం 58వ సెక్షన్ ప్రకారం, భద్రతకు సంబంధించిన విషయాల్లో యాజమాన్యం వీలైనంత మేరకు పనివాళ్లను సంప్రదించాలి. కొన్నాక ఇచ్చే ట్రైనింగ్ సంప్రదింపు అనిపించుకోదు. కొనేముందే యంత్రాన్ని మా గదిలో పెట్టండి. పొట్టివాళ్లు, పొడుగువాళ్లు, కుడిచేతివాళ్లు, ఎడమచేతివాళ్లు దానిమీద పనిచేసి చూస్తారు. మంచం ఎంత కిందికి దిగుతుంది? మోకాళ్లు దాని కిందికి పడతాయా? తెర కంటికెదురుగా వస్తుందా? ప్రోబ్ పిడికిట్లో ఇముడుతుందా? వీటికి బ్రోచర్‌లో జవాబుండదు. మేం వద్దన్నది కొనడానికి వీల్లేదు.

కొన్నారంటే ఏళ్ల తరబడి దానితోనే వేగాలి. చివరికి భుజం పోతే పరిహారం కోసం ప్రమాద పరిహార సంస్థ (ఏసీసీ) మెట్లెక్కాలి. 2001 ప్రమాద పరిహార చట్టం 30వ సెక్షన్ కింద, మెల్లమెల్లగా వచ్చిన ఆ గాయం ఇంటిపని వల్ల కాక ఈ పని వల్లే వచ్చిందని తేలాలి.

సోనోగ్రాఫర్లు చాలడం లేదని ఈ దేశమే మమ్మల్ని సముద్రాలు దాటించి రప్పించింది. తల్లికి కడుపులో బిడ్డ గుండె కొట్టుకోవడం చూపేది మా చేతులే. ఆ చేతులు నిలిస్తేనే ఇన్వర్‌కార్గిల్ నుంచి ఆక్లాండ్ దాకా స్కాన్ గదులు నడుస్తాయి. నొప్పి లేకుండా రిటైరయ్యే సోనోగ్రాఫర్ల తరాన్ని ఈ దేశం చూడాలి, చూసి తీరుతుంది.

తోటి సోనోగ్రాఫర్లారా, ఈ ప్రకటనపై సంతకం చేయండి. భద్రతా ప్రతినిధుల ఎన్నికలో నిలబడండి. శిక్షణ పొందిన ప్రతినిధికి, లోపం సరిదిద్దమని నోటీసిచ్చే అధికారం చట్టమే ఇచ్చింది. దాన్ని వాడండి.